చెరువుకట్ట క్రింది నేల - వడ్డెరల విద్య

మన బళేపేటకు దాపున, నేడు కెంపేగౌడ బస్సు నిలయమున్న చోట, పూర్వము ధర్మాంబుధి యను చెరువుండెను. చెరువు పోయినది, ఆ ప్రక్క వీథికి ట్యాంక్ బండ్ రోడ్డు అను పేరు మాత్రము మిగిలినది. ఆ దారిని నడచువారిలో కట్ట యనునది దేనిపై నిలుచునో తలచువారు అరుదు. చెరువుండునది పల్లమున, పల్లమున పేరుకొనునది ఒండ్రుమట్టి. కావున కట్ట కట్టువానికి మొదటి చిక్కు నీటితో కాదు, అడుగు నేలతో. ఈ చిక్కును మన పూర్వులు తీర్చుకొన్న విధమును, ఆ పని చేసినవారిని గూర్చియు కొంత మనవి చేయుదును.

ఈ విషయమున కడప మండలములోని పోరుమామిళ్ల శాసనము మనకు పెన్నిధి. శా.శ. 1291, అనగా క్రీ.శ. 1369లో, మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించి, సంస్కృతమున శాసనము వేయించెను. సుక్థంకర్ పండితుడు దానిని ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించెను. మంచి తటాకమునకు పండ్రెండు అంగములును, ఆరు దోషములును అందు చెప్పబడినవి. ధర్మాత్ముడగు రాజు, జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు - వీరి వెంటనే మూడవ అంగము గట్టి బంకమట్టి గల నేల. నదికంటె, కొండకంటె, రాతికంటె ముందు నేలను పేర్కొనుట గమనింపదగినది. దోషములలో మొదటిది కట్టనుండి నీరూరుట. రెండవది చవుడు నేల. పండ్రెండవ అంగము కట్టడపు పనిలో ఆరితేరిన జనసమూహము. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండు సంవత్సరములు పనిచేసినట్లు శాసనమే చెప్పుచున్నది. రాజు పేరు కలదు. ఆ వేయిమందిలో ఒక్కని పేరును లేదు.

నేల చక్కగా కుదరనిచోట ఏమగునో విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసువారు వ్రాసిరి. 1520 ప్రాంతమున పేజ్ అనునతడు కృష్ణదేవరాయలు త్రవ్వించుచున్న పెద్దచెరువును చూచి, పదునైదు ఇరువది వేలమంది చీమలవలె పనిచేయుచుండిరనియు, కట్ట రెండు మూడు మార్లు తెగెననియు, అందులకై నరబలులు జరిగెననియు చెప్పెను. పెద్దబండలు లోయలో వేయించినను పగటి పని రాత్రికి చెడిపోవుచుండెనని న్యూనిజ్ వ్రాసెను. పడవేసిన రాయి మెత్తని అడుగులో దిగిపోయి యుండునని నా ఊహ. బండ యెంత పెద్దదైనను బురదకు బరువే కాని బలము కాదు.

నేను ఈ సంగతి గ్రహించినది పుస్తకములలో కాదు. కొన్నేండ్ల క్రిందట నా తరగతిలో ఒక బాలిక తన తాతగారి వృత్తిని గూర్చి వ్యాసము వ్రాయుచు "దిమ్మిస" అను మాట వాడెను. తప్పు మాట యనుకొని నేను ఎఱ్ఱసిరాతో గీత గీసితిని. నిఘంటువున చూడగా ఆ మాట కలదు. మట్టిని కొట్టి గట్టిపఱచు పనిముట్టు. సిగ్గుపడి ఆ ముదుసలిని కలిసికొంటిని. ఆయన వడ్డెర. కన్నడిగులు కల్లువడ్డరు, మణ్ణువడ్డరు అని చెప్పు రెండు తెగలలో రెండవది. నేడు ఈ రాష్ట్రమున వీరిని భోవి యనియు పిలుతురు, ఇంటిమాట తెలుగే. చెరువుకట్టలు, బావులు వీరి పనియని 1909లో థర్‌స్టన్ కూడ వ్రాసెను.

ఆయన చెప్పిన క్రమమిది. కాలు దిగని నేల తగులువఱకు బురద నెత్తివేయవలెను. అక్కడ కట్ట పొడవునను కందకము తీసి బంకమట్టితో నింపవలెను. తడిమట్టిని జానెడు మందమున పఱచి, ఎనుములచే త్రొక్కించి, దిమ్మిసతో కొట్టి, పైవరుస వేయవలెను. బురద లోతు మిక్కిలియైనచో కట్ట అడుగును వెడల్పు చేసి, సగము కట్టి ఆపవలెను. ఏల ఆపవలెనని అడిగితిని. "ఒక వానకాలము పోనియ్యల్ల సామీ. కింద నేల తన నీళ్లు తాను వదలల్ల" అనెను.

ఇదే సంగతిని టెర్జాఘీ అను శాస్త్రజ్ఞుడు 1925లో గణితముతో నిరూపించెను. మెత్తని నేలలో మట్టికణముల నడుమ నీరు నిండియుండును. ఒక్కమాఱుగా బరువు వేసినచో ఆ నీటికి వెలికిపోవు వ్యవధి చాలక నేల ప్రక్కలకు జాఱును, కట్ట కుంగును, దాని పాదము వెలుపల నేల పొంగును. మెల్లగా వేసినచో నీరు వదలి నేల బిగియును. నేటి ఇంజనీర్లు ఇసుక నింపిన నిలువు రంధ్రములతో ఆ నీటికి దగ్గఱి దారి చూపుదురు, కంకర స్తంభములు దింపుదురు. వానకాలము చేసెడి పనిని త్వరగా చేయించుకొనుటయే మొదటి ఉపాయము.

ఐనను బిగియుట ఏండ్ల తరబడి సాగును, కట్ట కొద్దికొద్దిగా దిగుచుండును. అందుచేతనే ఏటేట మట్టి వేయుటకు ఏర్పాటుండెను. రాయలసీమలో చెరువు కట్టి కాపాడువారికి దశబంధ మాన్యము, మైసూరు సీమలో కట్టుకొడగె అను భూములు ఇచ్చుచుండిరి. ఈ మాన్యములను గూర్చి చరిత్రకారులు వ్రాసిరి. దిమ్మిస పట్టినవారి పలుకుబడి మాత్రము మోటుదని మాబోటి ఉపాధ్యాయులమే దిద్దివేసితిమి. ఆ తాతగారు ఆనాడు నాకు చెప్పిన పనిముట్ల పేర్లు, మట్టి రకముల పేర్లు ఒక నోటుపుస్తకమున వ్రాసికొంటిని. వానిలో సగము నేనెఱుగని తెలుగుమాటలు. పోరుమామిళ్ల చెరువు ఆరున్నర శతాబ్దములు దాటియు పొలములకు నీరిచ్చుచున్నది.