ఏ ఆట ఆడితే పిల్లలకు ఒడుపు వస్తుంది?

సబ్బవరంలో పిల్లవాణ్ణి సాయంత్రం పూట ఏదైనా ఆటలో చేర్పించాలనుకునే తల్లిదండ్రులకు వచ్చే సందేహం ఒకటే: క్రికెట్టా, షటిలా, కరాటేనా? కాళ్లూ చేతులూ చూపూ కలిసి పనిచేసే ఒడుపు, అంటే అవయవ సమన్వయం, ఏ ఆటతో బాగా వస్తుందో పరిశోధనలు సూటిగా తేల్చలేదు. అందుకు ఒక కారణం కొలిచే పద్ధతిలోనే ఉంది.

ఈ సమన్వయాన్ని కొలవడానికి ఐరోపాలో విరివిగా వాడే కేటీకే పరీక్షను 1974లో జర్మనీలో కిఫార్డ్, షిల్లింగ్ రూపొందించారు. పిల్లలు 6, 4.5, 3 సెంటీమీటర్ల వెడల్పున్న దూలాల మీద వెనక్కి నడవాలి. ఒంటికాలితో గెంతుతూ వచ్చి ఫోమ్ దిమ్మెలను దాటాలి. నేల మీది సన్నకర్రకు అటూ ఇటూ రెండు కాళ్లూ కలిపి 15 సెకన్లు దూకాలి. రెండు చెక్కపలకలను మార్చి మార్చి వేసుకుంటూ పక్కకు జరగాలి. తొక్కుడు బిళ్ళ ఆడే పిల్లకు ఆ ఒంటికాలి గెంతు అలవాటే. బంతి మాత్రం ఇందులో ఎక్కడా లేదు. రోజూ షటిల్ ఆడేవాడి చూపుకూ చేతికీ కుదిరిన పొందిక ఈ మార్కుల్లోకి రాదు. అమెరికాలో డేల్ అల్రిక్ తయారుచేసిన టీజీఎండీ పరీక్షలోనైతే విసరడం, పట్టుకోవడం, తన్నడం కూడా చూస్తారు. జిమ్నాస్టిక్స్ పిల్లలే ముందున్నారని ఎవరైనా చెబితే, ఏ పరీక్షలో అని అడగాలి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. విశాఖ పోర్టు హైస్కూల్లో చదివిన జ్యోతి యర్రాజీ 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో పూర్తిచేసి ఆసియా విజేత అయింది. ఆమె పొడవు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని బడిలో పీఈటీయే గుర్తించారు. ఆ పొడవు హర్డిల్స్ ఇచ్చింది కాదు. అలాగే ఒడుపున్న పిల్లలే ఆటల్లోకి వచ్చి, అక్కడే నిలవడమూ జరుగుతుంది. బెల్జియంలో పిల్లలను కొన్నేళ్లపాటు గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, క్లబ్బులో విడవకుండా ఆడినవాళ్ల సమన్వయం మెరుగ్గా ఉంది. అయితే మొదట్లో ఉన్న సమన్వయాన్ని బట్టే, తర్వాత ఎవరు ఎంత ఆడతారో కొంతవరకు అంచనా కట్టగలిగారు. ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయడం తేలిక కాదు.

అదే ఏడాది ఫ్రాన్సెన్ అనే పరిశోధకుడి బృందం 6 నుంచి 12 ఏళ్ల మగపిల్లలను పరిశీలించింది. 10-12 ఏళ్ల వాళ్లలో, ఒకే ఆటకు పరిమితమైనవారి కంటే పలు ఆటలాడినవారికి సమన్వయం ఎక్కువగా కనిపించింది. అంతకంటే చిన్నవాళ్లలో ఈ తేడా తేలలేదు. పరీక్షించింది మగపిల్లలనే, అదీ ఒక్కసారే. కనుక దీన్ని రుజువు అనలేం, బలమైన సూచన అనవచ్చు.

ఆ సూచన మేరకు నా అభిప్రాయం ఇది: ఏడేళ్ల పిల్లను ఏడాది పొడవునా ఒకే అకాడమీకి కట్టేయడానికి ఆధారం లేదు. ఖోఖోలో ఒక్కసారిగా మలుపు తిరగడం, ఏడు పెంకులాటలో గురి, ఈతలో ఊపిరి లయ వేర్వేరు నేర్పులు. పదేళ్లు దాటేవరకైనా అన్నీ ఆడనివ్వండి. బడిలో ఆటల పీరియడ్‌ను లెక్కల క్లాసుకు ఇచ్చేస్తుంటే, వెళ్లి అడగండి.