బక్షీసు నుంచి సర్వీసు చార్జీ దాకా

హోటలులో భోజనం ముగిసిన తరువాత, సర్వరు తెచ్చి పెట్టిన సోంపు పళ్లెంలో బిల్లు సొమ్ముపైన మరికొంత చిల్లర విడిచిపెట్టడం మన నగరాలన్నింటా కనిపించే అలవాటు. ఆ చిల్లర దానమా, చేసిన పనికి ప్రతిఫలమా అన్న ప్రశ్న చూడడానికి అల్పమైనదే. అయినప్పటికీ అది సర్వోన్నత న్యాయస్థానం గడప ఒకటికి రెండుమార్లు తొక్కింది. దాని వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది.

పారశీక భాషలో ‘బఖ్షీదన్’ అంటే ఇవ్వడం, క్షమించడం. దాని నుంచి పుట్టిన బక్షీసు అన్న మాట అనేక దేశభాషలలోకి వ్యాపించింది. పైవాడు తన ఇష్టం కొద్దీ కిందివానికి ఇచ్చేది బక్షీసు. అడిగి పుచ్చుకొనే హక్కు అందులో లేదు. మొగలు సేనల జీతభత్యాల వ్యవహారం చూసిన అధికారి పేరు మీర్ బక్షీ కావడం చూసి ఈ రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయనుకొనేవారు కలరు. కానీ బక్షీ అన్నది తురుష్క భాషల మార్గాన వచ్చిన వేరు పదమని పండితుల అభిప్రాయం. జీతమిచ్చేవాడూ, దయతో ఇచ్చే కానుకా పేరులో కలిసినా పుట్టుకలో వేరన్నమాట.

తెలుగులో ఇంతకన్న విచిత్రమైన దారి పట్టినది ‘మామూలు’. వాడుకలో ఉన్నది అని అర్థమిచ్చే ఈ అరబ్బీ పదం, ఏటేటా ఇచ్చేది గనుక ఇవ్వక తప్పనిదై, చివరకు లంచానికి మర్యాదగల మారుపేరై కూర్చున్నది. దసరా మామూళ్లు నేటికీ అడిగేవారున్నారు, విసుక్కుంటూనే ఇచ్చేవారూ ఉన్నారు. ఇష్టంగా ఇచ్చినది ఆచారమై, ఆచారం బలవంతంగా మారే క్రమమంతా ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది.

దీనికి భిన్నమైన పద్ధతి కూడా తెలుగు పల్లెలలో ఉండేది. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి మొదలైన వృత్తులవారికి కల్లంలోనే ధాన్యం కొలిచి ఇచ్చే ‘మేర’ కానుక కాదు, వాటా. పంట బాగా పండినా పండకున్నా దాని కొలత మీద తగవు పడే అధికారం పుచ్చుకొనేవానికి ఉండేది. వీధి బడి పంతులు స్థితి ఈ రెండింటికీ నడుమది. దసరా రోజులలో పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగితే ఇచ్చినంత పుచ్చుకోవలసిందే. చదువు చెప్పినవాడు ఇన్నాళ్ల కష్టానికి గడప ముందు నిలబడవలసి రావడంలోని ఇబ్బంది ఆ పండుగ సందడిలో పైకి కనిపించేది కాదు.

ఆంగ్లేయుల కాలంలో డాక్ బంగళా ఖానసామాలు, రైల్వే భోజనశాలల బేరర్లు బక్షీసును నగరాల హోటళ్లకు అందించారు. స్వాతంత్ర్యానంతరం మాటలు మారాయి. జయపురంలోని రాంబాగ్ రాజప్రాసాదం 1957లో హోటలుగా మారింది. ఒకనాడు రాజు ఈనాములు పంచిన ఆ భవనంలో బిల్లుపైన సర్వీసు చార్జీ వసూలై ఉద్యోగులకు పంపిణీ కాసాగింది. జీతాలు పెంచాలని కార్మిక సంఘం కోరగా, ఈ చార్జీ సొమ్మును కూడా జీతంలో లెక్కించాలని యాజమాన్యం వాదించింది. వివాదం సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణ అయ్యర్ పాలుపంచుకొన్న తీర్పు 1976 నాటి న్యాయ నివేదికలలో చోటుచేసుకొన్నది. సర్వీసు చార్జీ అతిథుల నుంచి ఉద్యోగుల కోసం వచ్చినది. యాజమాన్యం తన పెట్టెలో నుంచి ఇచ్చినది కాదు. కనుక దానిని చూపి జీతం తగ్గించరాదన్నదే అందలి సారాంశం. అతిథి ఔదార్యం యజమాని బాధ్యతను తీర్చజాలదని దీనివల్ల తేలింది.

అమెరికాలో జరిగినది ఇందుకు పూర్తిగా విరుద్ధం. 1966లో అక్కడి కనీస వేతన చట్టాన్ని సవరించి, టిప్పులను వేతనంలో కొంత భాగంగా జమకట్టే వీలు యజమానులకు కల్పించారు. టిప్పులు అందుకొనేవారికి యజమాని చెల్లించవలసిన ఫెడరల్ కనీస వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్ల వద్దే నిలిచిపోయింది. ఆ దేశానికి వెళ్లిన తెలుగువారు టిప్పు ఇవ్వకపోవడం ఎంత తప్పో త్వరగానే నేర్చుకొంటారు; ఎందుకు తప్పో తెలుసుకోవడానికి ఇంకొంత కాలం పడుతుంది.

మన దేశంలో మరో ప్రయోగమూ జరిగింది. కాఫీ బోర్డు 1950ల దశకంలో తన కాఫీ హౌసులను మూసివేయగా, ఉద్యోగాలు పోయిన కార్మికులు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. మొదటి సంఘం 1957లో బెంగుళూరులో వెలసింది. అక్కడ తలపాగా చుట్టుకొని కాఫీ తెచ్చే సర్వరు సంఘంలో సభ్యుడు కూడా. వ్యాపారంలో వాటా ఉన్న మనిషి ముందు పెట్టిన చిల్లర, బక్షీసు అనే మాటకు ఇమడదు.

టిప్పు విషయం 2016లో మళ్లీ సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. ఈసారి ఆదాయపు పన్ను వివాదం. అతిథులు క్రెడిట్ కార్డు ద్వారా చెల్లించిన టిప్పులను ఐ.టి.సి. సంస్థ తన హోటళ్ల సిబ్బందికి పంచింది. అది జీతమే గనుక పన్ను మినహాయించుకోవలసిందని ఆదాయపు పన్ను శాఖ పట్టుపట్టింది. ఆ సొమ్ము జీతం కాదనీ, హోటలు దానిని సిబ్బంది తరఫున ధర్మకర్తగా మాత్రమే ఉంచుకొన్నదనీ న్యాయస్థానం తేల్చింది. అయితే టిప్పు కోసం యజమానిపై ఉద్యోగికి సహజమైన హక్కేదీ లేదని కూడా అదే తీర్పు చెప్పింది. గెలిచినది సంస్థ, సర్వరుకు బక్షీసు బక్షీసుగానే మిగిలింది.

ఇక బిల్లులోనే చేర్చే సర్వీసు చార్జీ సంగతి. ప్రభుత్వానికి చెందవలసిన పన్నుగా దీనిని పొరబడిన వినియోగదారులు తక్కువవారు కారు. ఇది ఐచ్ఛికమని 2017 ఏప్రిల్‌లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. దీనిని తమంత తాముగా బిల్లులో చేర్చరాదని 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించింది. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించి, అదే నెలలో తాత్కాలిక నిలుపుదల పొందాయి. 2025 మార్చి 28న హైకోర్టు వారి పిటిషన్లను తోసిపుచ్చి మార్గదర్శకాలను సమర్థించింది. ఇష్టమైనవారు టిప్పు ఇవ్వడానికి అడ్డులేదు.

యాజమాన్యాల వాదనలో ఒక అంశం మాత్రం కొట్టిపారవేయదగినది కాదు. సోంపు పళ్లెంలోని చిల్లర సర్వరు చేతికి చేరుతుంది. వంటశాలలో పొయ్యి ముందు నిలబడినవాడు, ఎంగిలి పళ్లాలు కడిగేవాడు అతిథి కంటికి కనిపించరు. సర్వీసు చార్జీ వారికీ పంచుతామన్నది ఆ వాదన. వారి జీతాన్ని ఇడ్లీ ధరలోనే కలిపి ధరల పట్టికలో బహిరంగంగా చూపడానికి మాత్రం ఏ చట్టమూ ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు.