లీగు పేరులో లేని మాట

మన దేశంలో ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్ళు 1996ను మలుపుగా చెబుతారు. ఆ డిసెంబరులో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. 2007లో దాని స్థానంలో ఐ-లీగ్, 2014లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చాయి. ఈ మూడు పేర్లలోనూ 'పురుషుల' అన్న మాట లేదు. చెప్పనవసరం లేదనుకున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చిన ఇండియన్ విమెన్స్ లీగ్‌కు మాత్రం పేరులోనే ఆ గుర్తు తగిలించారు.

అప్పటిదాకా ఆడవాళ్ళు ఆడలేదా? 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మన అమ్మాయిలు ఫైనల్ దాకా వెళ్ళారు. లేనిది ఆట కాదు, లీగు.

టోర్నమెంటు తిరునాళ్ళ లాంటిది. నాలుగు రోజులుంటుంది, ఓడినవాళ్ళు మూట సర్దుకుంటారు. లీగులో ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతోనూ తన ఊళ్ళో ఒకసారి, వాళ్ళ ఊళ్ళో ఒకసారి, నెలల తరబడి ఆడాలి. అన్ని నెలలూ జీతం, తిండి, వైద్యం ఎవరో చూడాలి. 2017లో విమెన్స్ లీగ్ తొలి ఫైనల్ రౌండు ఆరు జట్లతో, ఢిల్లీలో, మూడు వారాలు కూడా నిండకుండానే ముగిసింది. సొంత ఊరు, పరాయి ఊరు పద్ధతి 2023-24లో గానీ రాలేదు.

రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. జాతీయ లీగు లేకపోయినా ఆ మగవాళ్ళకు పోలీసు కొలువుంది. ఆ గెలుపులో రహీం మేధ ఎంతో, నెల జీతం ఇచ్చిన నిశ్చింత కూడా అంతే. ఆ నిశ్చింతను ఆడవాళ్ళకు ఎవరిచ్చారు?

పెన్న ఒడ్డున వేరుశనగనూ వాననూ నమ్ముకుని బతికే రొద్దం నుంచి చూస్తే ఈ లెక్క కొత్తది కాదు. పక్కనే ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. కండెలు చుట్టే భార్యది 'ఇంట్లో సాయం'. పని ఉంటుంది, పనికి పేరుండదు, కూలి ఉండదు.

అనంతపురంలో ఆర్.డి.టి. క్రీడాగ్రామం పల్లె ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పింది. ఆ సంస్థను 1969లో స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ పుట్టిన స్పెయిన్‌లో, మహిళా ఫుట్‌బాలర్లు 2019 నవంబరులో వేతన ఒప్పందం కోసం సమ్మె చేశారు. అక్కడి మహిళల లీగ్ 2022లో ప్రొఫెషనల్ లీగ్‌గా మొదలైంది. అడిగితేనే వచ్చింది.

మన దగ్గర 2023లో ఫుట్‌బాల్ సమాఖ్య ఒక నిర్ణయం తీసుకుంది. విమెన్స్ లీగ్‌లో ప్రతి క్లబ్బూ కనీసం 10 మంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలి. మంచిదే. మరి జట్టులో పదకొండో అమ్మాయి సంగతి?

నిజామాబాద్ జిల్లా లంబాడా అమ్మాయి గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్ళింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్‌తో విమెన్స్ లీగ్ గెలిచింది. ఆమెను చూపించి ఆడపిల్లలకు ధైర్యం చెప్పడం తేలిక. రొద్దంలో పదిహేనేళ్ళ పిల్ల ఆడతానంటే ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న, "ఆడితే ఏమొస్తుంది?" అది మొరటు ప్రశ్న కాదు, కూలి లెక్క తెలిసిన తల్లి ప్రశ్న. జవాబు చెప్పాల్సింది పిల్ల కాదు, లీగు.