ఫిషర్ ఆపరేషన్: ఎంత కోయాలో తెలియడానికి పట్టిన కాలం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్లలో ఓపీ చూస్తుంటే ఫిషర్ పేషెంట్లు ఎక్కువగా అడిగేది నొప్పి గురించి కాదు. "సార్, ఆపరేషన్ అయితే తర్వాత ఆపుకోలేమంట కదా?" అని. ఒక లారీ డ్రైవరన్న ఇదే అడిగిండు. ఐదు నెలలుగా చీలిక, రక్తం, బాత్రూంకి పోవాలంటేనే వణుకు. అయినా ఆపరేషన్ వద్దన్నడు. వాళ్ల ఊర్లో ఎవరికో అట్ల అయిందట. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆ భయం ఉత్తగ పుట్టలేదు, దానికో చరిత్ర ఉంది. ఈరోజు అదే చెప్తా.

మన దగ్గర మలద్వారం దగ్గర ఏది వచ్చినా "మొలలు" అంటాం. పాత బోర్డుల మీద కూడా "మొలలు, లూటీ, బుడ్డ" అని రాసి ఉంటది, ఫిషర్ మాట కనబడదు. ఫిషర్ అంటే చీలిక. గట్టి మలం వల్ల చర్మం చీలుతుంది, నొప్పికి లోపలి స్పింక్టర్ కండరం బిగుసుకుంటుంది. ఆ బిగువుకి రక్తం సరిగా అందదు, అందక చీలిక మానదు. ఈ కండరం మన మాట వినదు, దానంతట అదే బిగిసి ఉంటుంది. మనం నిద్రపోతున్నా గ్యాస్, మలం లీక్ కాకుండా కాపాడేది ముఖ్యంగా ఇదే. వైద్యం కోసం వదులు చేయాల్సిందీ దీన్నే. చిక్కంతా ఇక్కడే ఉంది.

19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో రెకామియే అనే డాక్టర్ వేళ్లతో సాగదీసే పద్ధతి చెప్పారు. తర్వాత లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్, లోపల నారలాంటి గట్టి పట్టీ ఒకటి ఏర్పడుతుందని నమ్మి దాన్ని కోసేవారు. 1951లో జోహన్నెస్‌బర్గ్ సర్జన్ స్టీఫెన్ ఐసెన్‌హామర్ అసలు సంగతి చెప్పారు. ఆ పట్టీ వేరే ఏదో కాదు, లోపలి స్పింక్టర్ కింది అంచే! అంటే అన్నాళ్లూ కండరాన్ని కోస్తూ కూడా కండరమని తెలియదన్నమాట. ఐసెన్‌హామర్ కూడా మొదట వెనకవైపు మధ్యలోనే కోశారు. అక్కడ మానాక తాళంచెవి రంధ్రంలాంటి గుంట పడి, అందులోంచి తడి కారి బట్టలకు మరకలయ్యేవి. అందుకే తర్వాత పక్కకు మారారు. 1969లో లండన్‌లో మిచెల్ నోటరాస్ చర్మం కిందనుంచి, చిన్న గాటుతో, పక్కన కోసే పద్ధతి ప్రచురించారు. ఇప్పటికీ మేం చేసేది దాని వారసత్వమే.

దానికి ఒక్క ఏడాది ముందే, 1968లో, ఇంగ్లండ్‌లో పీటర్ లార్డ్ మొలలకు మత్తిచ్చి వేళ్లతో బాగా సాగదీసే పద్ధతి చెప్పారు. ఫిషర్‌కూ అదే వాడారు. కత్తి లేదు, కుట్టు లేదు, తేలిక కదా! కానీ ఎంత సాగిందో, ఎక్కడ చిరిగిందో చేసే చేతికి తెలియదు. తర్వాత లోపలికి పెట్టి చూసే అల్ట్రాసౌండ్ వచ్చాక, ఇలా సాగదీసిన కొందరిలో కండరం తెగిపోయి కనిపించింది.

కోసే పద్ధతి లెక్క కూడా ఆలస్యంగానే తేలింది. 1989లో ఖుబ్‌చందానీ, రీడ్ అమెరికాలో తమ పేషెంట్లను అడిగి రాశారు: 35.1 శాతం మందికి గ్యాస్ మీద పట్టు తగ్గింది, 22 శాతానికి బట్టలకు మరకలు, 5.3 శాతానికి అనుకోకుండా మలం. చీలిక మానిందా అని చూస్తే సర్జన్‌కి గెలుపే. పేషెంట్‌ని కూర్చోబెట్టి అడిగితేనే ఇవన్నీ బయటపడ్డాయి. మన ఊర్లో ఎవరు చెప్పుకుంటారు చెప్పండి? పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చోవడం మానేస్తారు, అంతే. 1999లో మేయో క్లినిక్ వాళ్లు రాసింది కొంత ఊరట. ఎప్పుడో ఒకప్పుడు ఇబ్బంది పడ్డవాళ్లు 45 శాతం, కానీ సగటున ఐదేళ్లు దాటాక గట్టి మలం ఆపుకోలేనివాళ్లు ఒక శాతమే.

ఆడవాళ్ల విషయం ఇంకా జాగ్రత్త. 1994లో లండన్ సెయింట్ మార్క్స్ డాక్టర్లు అల్ట్రాసౌండ్‌తో చూస్తే, చాలామంది స్త్రీలలో అనుకున్నదానికంటే ఎక్కువ తెగింది. వాళ్ల మలద్వార మార్గం పొట్టిది. కాన్పులో ముందే దెబ్బ తగిలి ఉండొచ్చు కూడా. అందుకే రెండు మూడు కాన్పులైన అమ్మ వస్తే నేను కత్తి మాట ఎత్తడానికి వెనకాడతా.

1990ల నుంచే నైట్రోగ్లిజరిన్ ఆయింట్‌మెంట్, బొటాక్స్ ఇంజెక్షన్, తర్వాత డిల్టియాజెమ్ వచ్చాయి. ఇవి కండరాన్ని కోయకుండా కొన్నాళ్లు వదులు చేస్తాయి. మానే శాతం కోతకంటే తక్కువ, మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, కానీ మందు ఆపితే కండరం మళ్లీ మామూలే. కోయక తప్పకపోతే 1997లో సిడ్నీ సర్జన్లు లిటిల్‌జాన్, న్యూస్టెడ్ చెప్పినట్టు చీలిక ఎంత ఎత్తుందో అంతే, అంతకు మించి కాదు.

డ్రైవరన్నకి ఇదంతా చెప్పి, డిల్టియాజెమ్ రాసి, నీళ్లు ఎక్కువ తాగమన్న. "హైవే మీద నీళ్లు తాగితే మాటిమాటికి బండి ఆపాలె సార్" అన్నడు. నాకు జవాబు దొరకలే. రెండు నెలలకు రమ్మన్న, ఇంకా రాలేదు. వచ్చే ఎపిసోడ్‌లో లూటీ, అంటే భగందరం గురించి మాట్లాడుకుందాం.