దసలి చిలుక: రంగులు వేరు, జాతి ఒకటే

అహోబిలం అనగానే నరసింహస్వామి, ఆయన్ని పెళ్లాడిన మన చెంచులక్ష్మి గుర్తొస్తారు. ఆ గుడుల చుట్టూ ఉన్న నల్లమలలో నల్లమద్ది పెరుగుతుంది. దసలి పట్టుపురుగుకు ఇష్టమైన మేత దాని ఆకే. ఈ పురుగు పేరు కథ మాత్రం పుస్తకాల్లో గజిబిజిగా నడిచింది.

1758లోనే లిన్నేయస్ పాఫియా అనే పేరు పెట్టి ఉన్నాడు. 1773లో ఇంగ్లండుకు చెందిన డ్రూరీ మైలిట్టా అన్నాడు. మన సామర్లకోటలో మొక్కల తోట పెంచి, 1793లో కలకత్తా వెళ్లిన రాక్స్‌బర్గ్ 1804లో అచ్చయిన వ్యాసంలో దసలిని పాఫియా అనే రాశాడు. ఇప్పుడు దసలికి నిలిచిన పేరు మైలిట్టా.

రంగును నమ్ముకుంటే ఎవరైనా తడబడతారు. మగ చిలుక సాధారణంగా ఇటుక రంగు, ఆడది పసుపు లేదా బూడిద. పక్కపక్కన పెడితే రెండు జాతులనే అనిపిస్తుంది. అందుకే బడిపిల్లలకు చూపేటప్పుడు రంగు సంగతి చివర చెప్పండి. ముందు రెక్కలు చూడమనండి. నాలుగింటి మీదా ఒక్కో కన్నుమచ్చ, దాని నడుమ అద్దంలాంటి పొర. తర్వాత మీసాలు. మగదానివి వెడల్పుగా ఈకల్లా ఉంటాయి, ఆడదానివి సన్నం. ఆడదాని పొట్ట లావు. పట్టుకాయ దొరికితే ఇంకా మేలు, గట్టి కాడతో కొమ్మకు వేలాడుతుంది.

తెలంగాణలో చెన్నూరు, మహదేవపూర్ అడవిపల్లెలు ఈ కాయలు పండిస్తాయి. అక్కడి రకానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'ఆంధ్ర లోకల్'. పెంచినవాళ్ల ఊసు అందులో లేదు, అది వేరే సంగతి. చిలుక మేత మేయదు, బతికేది కొద్దిరోజులే. చూడాలంటే తొలకరి వానలప్పుడు మద్దిచెట్ల దగ్గర వెతకవచ్చు.