ముందు బ్రేకు భయం

మోటారుసైకిలు నేర్పే పెద్దలు మన పల్లెల్లో మొట్టమొదట చెప్పే మాట ఒకటి కలదు: "ముందు బ్రేకు ముట్టుకోకురా, పల్టీ కొడతావు." చెరువుగట్టు మీద బండి నేర్పుతూ మా మామయ్య నాకూ ఇదే ఉపదేశించారు. చాలా ఏళ్ళు దానిని తు.చ. తప్పక పాటించాను. ఒకనాడు తారురోడ్డు మీద గేదె అడ్డం వచ్చింది. వెనుక బ్రేకును మాత్రమే తొక్కాను. చక్రం బిగుసుకుపోయి, బండి పక్కకు తిరిగి, ఎంతకూ ఆగక జారుకుంటూ పోయింది. ఆ రోజు ఇద్దరమూ బతికి బయటపడడం గేదె చురుకుదనం వల్లనే గాని నా ప్రజ్ఞ వల్ల కాదు. ఈ భయం ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది అన్న కుతూహలం నాకు అప్పుడు కలిగినదే.

ఇది మన ఒక్కరి భయం కాదు. సైకిలుకు ఇంజను తగిలించగా పుట్టిన తొలినాటి బళ్ళలో చాలావాటికి వెనుక చక్రమే ఆధారం. అమెరికాలో హార్లీ-డేవిడ్సన్ వంటి పెద్ద సంస్థ సైతం ముందు చక్రానికి బ్రేకు అమర్చినది 1928 లోనే. దీనిని అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. ఆనాటి బాటలు మట్టివి, కంకరవి. అటువంటి బాట మీద వెనుక చక్రం బిగుసుకుంటే బండి తోక ఊపుతుంది, అంతే. ముందు చక్రం బిగుసుకుంటే మాత్రం రెప్పపాటులో మనిషి నేల మీద ఉంటాడు. బ్యాలెన్సుకు మూలం తిరుగుతూ, దిక్కు మార్చుకునే ముందు చక్రమే గనుక. ఆ బాటకు ఆ భయం సరియైనదే. తరువాత బాట మారింది, భయం మారలేదు.

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. రెండు చక్రాల నడుమ దూరం 140 సెంటీమీటర్లు, బండీ మనిషీ కలిసిన గరిమనాభి నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాము. కదలక నిలుచున్నప్పుడు బరువు రెండు చక్రాల మీద చెరిసగం. పొడి తారు మీద గట్టిగా, అనగా గురుత్వ త్వరణంలో పదింట ఎనిమిది వంతుల మేర వేగం తగ్గించినప్పుడు, బరువులో 90 శాతం ముందు చక్రం మీదికి వచ్చి పడుతుంది. వెనుక మిగిలేది పది శాతం. ఆ బాట మీదనే గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి రెండు బ్రేకులతో ఆపితే పట్టే దూరం సుమారు 18 మీటర్లు, వెనుకదానితో మాత్రమే ఆపితే దాదాపు 50 మీటర్లు. నా గేదె ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో నిలిచి ఉన్నది. కంకర మీద పట్టు సగమే అనుకున్నా 70 శాతం బరువు ముందుకే వస్తుంది. ఇంకొక మాట: ఈ కొలతల బండి వెనుక చక్రం లేవాలంటే వేగం తగ్గే తీరు పూర్తి గురుత్వ త్వరణాన్ని అందుకోవాలి. మట్టిలో అంత పట్టు దొరకదు. కనుక చెరువుగట్టు మీద మామయ్య భయపెట్టిన పల్టీ జరగనే జరగదు, జరిగేది పక్కకు జారిపడడం.

రోడ్డుకు ఒక బండి, మట్టికి ఒక బండి ఉన్నంతకాలం ఈ చిక్కు ఎవరినీ పెద్దగా బాధించలేదు. రెండు బాటలకూ ఒకటే బండి అన్న ఆలోచనను జనసామాన్యానికి అందించిన వాటిలో ముఖ్యమైనది యమహా డి.టి.-1. 1968 లో అమెరికా విపణిలోకి వచ్చిన ఈ 250 సి.సి. టూ-స్ట్రోక్ బండికి రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. తేలికైన బండి గనుక చెల్లిపోయింది. డ్రమ్‌లో ఒక సుగుణం ఉన్నది, మూత లోపల దాగి ఉండడం వల్ల బురద సులభంగా అంటదు. దుర్గుణాలు రెండు. ఏరు దాటేటప్పుడు లోపలికి చేరిన నీరు త్వరగా బయటికి పోదు, ఆరేదాకా బ్రేకు ఉన్నా లేనట్టే. పొడవాటి ఘాటు దిగేటప్పుడు లోపలి వేడి బయటికి పోక పట్టు సడలిపోతుంది. 1976 నాటి యమహా ఎక్స్.టి.-500 కూడా డ్రమ్ బండియే. 1979, 1980 సంవత్సరాల పారిస్-డకార్ పందేలను సిరిల్ నెవూ దానిమీదనే గెలిచారు. ఇసుకలో ఆగడం కంటె సాగడమే కష్టం గనుక అక్కడ బ్రేకు లోటు అంతగా బయటపడలేదేమో అని నా ఊహ.

డిస్క్ బ్రేకు కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902 లోనే పేటెంటు పొందారు. 1953 లో ల మాన్ పందెంలో జాగ్వార్ కార్లు దానితో గెలిచి లోకానికి చాటాయి. 1962 లో లాంబ్రెట్టా స్కూటరుకు తీగతో లాగే డిస్కు వచ్చింది. 1969 లో హోండా సి.బి.-750 ద్రవపీడనంతో పనిచేసే డిస్కును వేలాది సామాన్యుల చేతికి ఇచ్చింది. పిడి దగ్గర చిన్న పిస్టను, చక్రం దగ్గర పెద్ద పిస్టను, నడుమ నూనె. పాస్కల్ సూత్రం ప్రకారం రెండు వేళ్ళ బలం చక్రం దగ్గర కొన్ని రెట్లవుతుంది. ఐతే తొలినాటి స్టెయిన్‌లెస్ ఉక్కు బిళ్ళలు వానలో తడిసినప్పుడు క్షణకాలం పట్టేవి కావు, ఆ తరువాత ఒక్కుమ్మడిగా పట్టేవి. మట్టిబాట వారికి ఇంతకంటె భయంకరమైనది మరొకటి లేదు. లోహపు పొడిని కాల్చి చేసిన ప్యాడ్లు వచ్చాకనే ఆ దోషం తీరింది.

బండి బరువెక్కడంతో అసలు మలుపు వచ్చింది. 1980 లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఆర్-80 జి/ఎస్ ను విడుదల చేసింది. ఇంధనంతో కలిపి 186 కిలోలు, వేగం గంటకు 168 కిలోమీటర్లు. ఇంత బరువునూ వేగాన్నీ ఆపడానికి ముందు చక్రానికి 260 మిల్లీమీటర్ల డిస్కు ఒక్కటే. 1981 లో యూబేర్ ఓరియోల్ ఈ కుటుంబపు బండి మీదనే డకార్ గెలిచిన మాట నిజమే గాని, తారురోడ్డు మీద ఆ బ్రేకు చాలదన్న మాట అప్పుడే వినవచ్చింది. అటుపిమ్మట వచ్చిన అంకెలే ఈ చరిత్ర: 1987 నాటి ఆర్-100 జి.ఎస్. కు 285, 1994 నాటి ఆర్-1100 జి.ఎస్. కు 305 మిల్లీమీటర్ల డిస్కులు రెండు. జపాను వైపు కవాసాకి కె.ఎల్.ఆర్.-650 కథ ఇంకా విచిత్రం. 1987 లో పుట్టిన బండికి ముందు బ్రేకు బలహీనమన్న పేరు దశాబ్దాల పాటు వెంటాడింది. 2008 లో 280, 2022 లో 300 మిల్లీమీటర్ల డిస్కు ఇచ్చారు. ఈలోగా దాని సొంతదారులు రబ్బరు గొట్టాలు తీసేసి, ఒత్తిడికి ఉబ్బని ఉక్కు అల్లిక గొట్టాలు వేయించుకునేవారు.

బ్రేకు పెద్దదైతే సరిపోతుందా అంటే, అదీ కాదు. ఈ బళ్ళకు ముందు ఫోర్కు చాలా లోతుకు దిగేలా చేస్తారు. గట్టిగా పట్టగానే ముక్కు నేలకు వాలుతుంది. పైగా ముందు చక్రం 21 అంగుళాలది, టైరు సన్ననిది, దాని గడ్డలు మట్టి కోసం తీర్చినవి; తారు మీద ఆనే భాగం స్వల్పం. కాబట్టి ఈ బండికి కావలసినది మితిమీరిన బలం కాదు, వేలికి తెలిసే మెత్తదనం. తారు మీద గర్జించి ఆపే బ్రేకు తడి గడ్డి మీద మృత్యుపాశం కాగలదు. నా దృష్టిలో మంచి ముందు బ్రేకుకు గుర్తు అది ఎంత త్వరగా ఆపుతుందన్నది కాదు, చక్రం బిగుసుకోబోయే ముందు మనకు ఎంత స్పష్టంగా చెబుతుందన్నది.

ఆ మాట చెప్పే పనిని యంత్రానికే అప్పగించినది ఎ.బి.ఎస్. మోటారుసైకిళ్ళలో దానిని 1988 లో బి.ఎం.డబ్ల్యు. కె-100 తొలుత తెచ్చింది. తారు మీద అది వరమే. వదులు కంకరలో మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. అక్కడ బిగుసుకున్న చక్రం ముందు రాళ్ళు గుట్టగా పేరుకొని అడ్డు కట్టలా పనిచేస్తాయి; చక్రాన్ని ఆగనివ్వని ఎ.బి.ఎస్. ఆ సాయాన్ని పోగొడుతుంది. ఆపే దూరం పెరుగుతుంది. అందుకే ఈ తరగతి బళ్ళకు దానిని ఆపివేసే మీట అవసరమైంది.

మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సి.సి. దాటిన బళ్ళకు ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016 లో 300 మిల్లీమీటర్ల ముందు డిస్కుతో, ఎ.బి.ఎస్. లేకుండా వచ్చింది, 2018 లో అది చేరింది, 2020 లో మీట చేరింది. ఆ మీట నొక్కితే వెనుక చక్రపు ఎ.బి.ఎస్. మాత్రమే ఆగుతుంది. వెనుకది బిగుసుకొని జారినా దిద్దుకోవచ్చు, ముందుది బిగుసుకుంటే దిద్దుకునే వ్యవధి ఉండదు గనుక ముందుదానికి కాపలా అలాగే ఉంచారు.

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు మామయ్యను కూర్చోబెట్టి ఈ లెక్కలన్నీ చెప్పాను. ఓపికగా విని, "అయితే ముందు బ్రేకు అంత ప్రమాదమని వాళ్ళకూ తెలిసిందన్నమాట" అన్నారు.