చెరువుల రతన్‌పూర్, రైళ్ల బిలాస్‌పూర్

ఒక ఊరి చరిత్రను రాజుల వరుసతోను, యుద్ధాల తేదీలతోను చెప్పడం పరిపాటి. ఆ ఊరివారు నాలుగు నెలల వాననీటిని ఎలా దాచుకున్నారు, మిగిలిన ఎనిమిది నెలలను దానితో ఎలా గట్టెక్కారు అన్న ప్రశ్నతో చరిత్రను చదివేవారు తక్కువ. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న రతన్‌పూర్ ఇటువంటి పఠనానికి తగిన పట్టణం. ఈ ఊరి చెరువుల సంఖ్యను స్థానికులు 'ఛై ఆగర్ ఛై కోరీ' అని చెప్పుకుంటారు. కోరీ అంటే ఇరవై. ఆరు కోరీలు నూట ఇరవై, ఆపైన మరొక ఆరు. వెరసి నూట ఇరవై ఆరు చెరువులు. ఇదే లెక్కను ఆ ప్రాంతంలోని మరికొన్ని ప్రాచీన గ్రామాల విషయంలోనూ చెబుతారు కనుక దీనిని గణాంకంగా కాక గౌరవవాచకంగా గ్రహించడం సమంజసం. ఒక ఊరి గొప్పదనాన్ని కోట బురుజులతో కాక చెరువులతో కొలిచిన సమాజం అది.

పదకొండవ శతాబ్దంలో కలచురి వంశీయుడైన మొదటి రత్నదేవుడు తుమ్మాణం నుండి రాజధానిని ఇక్కడకు మార్చి రత్నపురమని పేరు పెట్టాడు. కలచురి శకం 866, అనగా క్రీ.శ. 1114 నాటి మొదటి జాజల్లదేవుని రతన్‌పూర్ శాసనం తెలుగు పాఠకులకు రెండు విధాల ఆసక్తికరం. ఆ రాజుకు ఏటేటా కప్పం చెల్లించిన మండలాల జాబితాలో దక్షిణ కోసలతోపాటు ఆంధ్ర, ఖిమిడి పేర్లు కనిపిస్తాయి. ఖిమిడి అంటే శ్రీకాకుళం సరిహద్దులలోని కిమిడి సీమ. ప్రశస్తి వాక్యాలను అక్షరసత్యాలుగా స్వీకరించలేము గాని, మహానది పరీవాహక ప్రాంతానికి, ఉత్తరాంధ్రకు మధ్య రాకపోకలు ఎంత పాతవో ఈ జాబితా సూచిస్తున్నది. రెండవ విశేషం, రాజు తన పేరిట కట్టించిన జాజల్లపురంలో మఠం, ఉద్యానవనం, మామిడితోపుతోపాటు ఒక సరస్సును ఏర్పరచినట్లు శాసనం చెప్పడం. చెరువును సప్తసంతానాలలో ఒకటిగా భావించిన తెలుగునాట ఇది వింతగా తోచదు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను ఏకరువు పెట్టింది. నేల వేరైనా, భాష వేరైనా నీటి విషయంలో ఉభయుల ధర్మమూ ఒకటే.

ఈ ప్రాంతంలో సంవత్సరానికి సగటున సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది తక్కువేమీ కాదు. కాని అందులో అధికభాగం జూన్ మధ్య నుండి సెప్టెంబరు లోపలే కురిసిపోతుంది. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. మనం 'రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి' అనుకునే రోజులనే అక్కడివారు 'నౌతపా' అంటారు. సూర్యుడు రోహిణిలో ప్రవేశించిన తొలి తొమ్మిది దినాల తాపం అన్నమాట. అర్పా నది ఇసుక దిబ్బగా మారే ఆ సమయంలో మనుషులకు, పశువులకు చెరువే దిక్కు.

అందుచేతనే ఛత్తీస్‌గఢ్ పండుగల పట్టిక యావత్తూ నీటి చుట్టూ తిరుగుతుంది. వైశాఖంలో అక్తీ నాడు విత్తనాలను సిద్ధపరుస్తారు. శ్రావణ అమావాస్య నాడు హరేలీ. నాగళ్లను, కొడవళ్లను కడిగి పూజిస్తారు, పిల్లలు వెదురు గెడీలపై నడుస్తారు. వెదజల్లిన వరి నెల రోజులు పెరిగాక, మడిలో నీరు నిలిచినప్పుడు పైరులోనే నాగలి తోలే 'బియాసీ' పద్ధతి ఇక్కడి సేద్యపు ప్రత్యేకత. అప్పుడు నీరు నిలవకపోతే ఆ ఏటి పంట దక్కదు. బుట్టలలో పెంచిన భోజలీ మొలకలను రాఖీ మరునాడు చెరువులో నిమజ్జనం చేసి, ఆ మొలకలను ఒకరి చెవిలో ఒకరు తురిమి జీవితకాలపు స్నేహాన్ని కలుపుకుంటారు. కమర్‌ఛఠ్ నాడు తల్లులు వాకిట చిన్న గుంట తవ్వి, నీరు పోసి, దానినే చెరువుగా భావించి పూజిస్తారు; ఆ రోజున నాగలి తగలని నేలలో దానంతట అది పండిన బియ్యాన్నే తింటారు. దీపావళికి గౌరా-గౌరీ ప్రతిమలు చెరువుకే చేరతాయి. పంట ఇంటికి వచ్చిన పుష్య పూర్ణిమ నాడు ఛేర్‌ఛేరా. పిల్లలు ఇంటింటా ధాన్యం అడుగుతారు. మాఘ పూర్ణిమకు రతన్‌పూర్ తిరునాళ్ల జరుగుతుంది. చైత్ర, ఆశ్వయుజ నవరాత్రులలో మహామాయ ఆలయంలో జ్యోతికలశాలు వెలుగుతాయి; సప్తమి రాత్రి బిలాస్‌పూర్ నుండి వేలాదిమంది కాలినడకన అక్కడికి చేరుకుంటారు. కొత్త చెరువు నడుమ కొయ్యస్తంభం నాటి దానికి పెళ్లి చేసే ఆచారం కూడా ఈ సీమలో ఉన్నది. పెళ్లి అయినదాకా ఆ నీటిని శుభకార్యాలకు వాడరు. ఊరంతా సాక్షిగా నిలిచిన చెరువును పూడ్చడానికి ఎవరికి చేయి వస్తుంది?

అధికారం మాత్రం రతన్‌పూర్‌ను విడిచిపోయింది. 1741లో భాస్కర పంత్ నాయకత్వాన మరాఠా సేనలు ఊరిని లొంగదీసుకున్నాయి. బింబాజీ భోంస్లే 1758 నుండి 1787లో మరణించేవరకు ఇక్కడి నుండే పాలించాడు. 1818 తరువాత కెప్టెన్ ఆగ్న్యూ పాలనాకేంద్రాన్ని రాయపూర్‌కు తరలించాడు. 1861లో ఏర్పడిన జిల్లా బిలాస్‌పూర్ పేరిట వెలసింది. బిలాసా అనే జాలరి వనిత పేరిట ఆ ఊరు పుట్టిందని జనశ్రుతి. చివరకు 1891లో నాగపూర్-ఆసన్‌సోల్ మధ్య బెంగాల్ నాగపూర్ రైలుమార్గం పూర్తయినప్పుడు అది బిలాస్‌పూర్ మీదుగా సాగింది. కట్నీ శాఖ కలవడంతో అది కూడలి అయింది. రైలు చేరని రాజధాని చెరువులతో మిగిలింది, రైలు చేరిన నదీతీర గ్రామం నగరమయింది.

తెలుగువారి ప్రస్తావన ఇక్కడే వస్తుంది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న తూర్పుతీర రైలుమార్గం ఇదే కంపెనీ చేతికి వచ్చింది. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి శ్రామికులు ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్లే బిలాస్‌పూర్‌కూ వచ్చారు. పట్టాలపై పని చేశారు, బొగ్గు ఎత్తారు, క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. కిమిడి సీమ పేరు శాసనంలో చెక్కిన రాజధానికి ఎనిమిది శతాబ్దాల తరువాత ఆ సీమ మనుషులే కప్పంతో కాక కష్టంతో వచ్చారు.

ఇదే కాలంలో ఛత్తీస్‌గఢ్ జనం ఎదురుదిక్కుకు పోవడం గమనార్హం. 1896-97, 1899-1900 కరవులు ఈ సీమను కుదిపివేశాయి. రైలు ధాన్యం తెచ్చింది; అదే రైలు మనుషులను అస్సాం తేయాకు తోటలకు తీసుకుపోయింది. 'బిలాస్‌పురీ' అన్న మాట దేశమంతటా వలసకూలీకి మారుపేరయింది. ఒకే ప్లాట్‌ఫారం మీద ఒకరు దిగుతుంటే వేరొకరు ఎక్కారు. కరవుల అనంతరం 1901-03 నాటి నీటిపారుదల కమిషన్ ఫలితంగా చేపట్టిన పనుల క్రమంలోనే, 1920ల దశకంలో రతన్‌పూర్ చెంత ఖారంగ్ నదిపై ఖూటాఘాట్ జలాశయం నిర్మాణం సాగింది.

రైలువారికీ తమదైన ఋతుచక్రం ఉన్నది. వానాకాలంలో కట్టలు కోసుకుపోకుండా గ్యాంగ్‌మన్ రాత్రంతా లాంతరు పట్టుకొని పట్టాల వెంట గస్తీ తిరుగుతాడు. వేసవి మధ్యాహ్నం పట్టా వ్యాకోచించి వంకర తిరుగుతుందేమోనని చూస్తాడు. చలికాలం తెల్లవారుజామున అతుకు విరిగిందేమోనని వెదుకుతాడు. హరేలీ నాడు రైతు నాగలిని కడుగుతుండగా తెలుగు గ్యాంగ్‌మన్ తడిసిన కట్టను పరిశీలిస్తుంటాడు. ఇద్దరూ ఒకే మేఘాన్ని చూస్తున్నారు. అతని ఇంట ఉగాది, వినాయక చవితి, కార్తీక దీపం యథావిధిగా సాగుతూనే ఉన్నాయి. వేసవిలో తెలుగు వాడలలో జరిగే సోలాపురి మాత పూజకు ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీ కుటుంబాలూ వస్తాయి.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించింది. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే మండల కేంద్రమయింది. నగరం పెరిగినకొద్దీ దాని చెరువులు తరిగాయి. రతన్‌పూర్‌లో దుల్హరా, బిక్మా వంటి చెరువులు నేటికీ ఉన్నాయి. పూడిక పేరుకొని, గట్లు ఆక్రమణకు లోనై పేరుకే మిగిలినవీ ఉన్నాయి. కుళాయి వచ్చిన తరువాత చెరువును చూసుకునే బాధ్యత ఊరి నుండి కార్యాలయానికి మారింది. కార్యాలయాలలో పని చేసేవారిగా మనం ఒప్పుకోవలసిన మాట ఒకటి ఉన్నది. దస్త్రంలో చెరువు ఒక సర్వే నంబరు. ఊరి లెక్కలో అది పెళ్లి చేసి తెచ్చుకున్న ఇంటి మనిషి. మొదటిదాన్ని ఒక ఉత్తర్వుతో మార్చవచ్చు. రెండవదాన్ని మార్చడానికి వీలులేదు.

వర్షపాతం నేటికీ నాలుగు నెలలదే, అవసరం నేటికీ పన్నెండు నెలలదే. రతన్‌పూర్ చెరువులకు పూడిక తీయించే పథకం రూపొందించే అధికారి ముందుగా ఆ ఊరి పండుగల పట్టికను చదవడం మంచిది. ఏ చెరువులో భోజలీ కలుపుతారో, ఏ గట్టున గౌరా-గౌరీని దింపుతారో తెలిస్తే, ఏ చెరువును ముందు బ్రతికించుకోవాలో ఊరివారే చెబుతారు.